ఊరిలో మంచం, నగరంలో ఫోను: దూరవైద్యం ద్వారా ఉపశమన చికిత్స

ముంబైలోని కామాఠిపురకు ఆ పేరు తెచ్చినవారు ఒకప్పుడు తెలుగు నేల నుంచి పనికి వచ్చిన కామాఠీ కూలీలు. షోలాపూరు, భివండీ మగ్గాల పేటలలోనూ, బెంగళూరు, చెన్నై నగరాలలోనూ, బరంపురంలోనూ తరాల తరబడి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. నిన్న మొన్న పాలమూరు నుంచో, అనంతపురం నుంచో, శ్రీకాకుళం నుంచో బతుకుతెరువు కోసం వచ్చినవారూ ఉన్నారు. వీరిలో చాలామంది ఇళ్లలో పెద్దలు కొందరు ఇంకా ఊరిలోనే ఉంటారు. పండుగలకు వెళ్లివచ్చినంత కాలం ఊరి దూరం భారమనిపించదు. తల్లికో తండ్రికో నయంకాని జబ్బు చేసి మంచం పట్టినప్పుడు ఆ దూరం ఎంతటిదో తెలిసివస్తుంది.

అటువంటి సమయంలో కుటుంబం ముందు సాధారణంగా రెండు దారులు కనిపిస్తాయి. రోగిని నగరానికి తీసుకురావడం ఒకటి. పని మానుకొని బిడ్డలే ఊరికి వెళ్లడం మరొకటి. మొదటిది రోగికి కష్టం, రెండవది కుటుంబ జీవనానికి కష్టం. వీటికి తోడు ఇప్పుడు మూడవ దారి ఒకటి ఏర్పడింది. రోగి తన ఇంటిలో, తన వారి మధ్యనే ఉంటూ, ఫోను ద్వారానో వీడియో ద్వారానో వైద్యుని సలహాతో ఉపశమనం పొందడమే ఆ దారి. ఇది ఎలా పనిచేస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది, నగరంలో ఉన్న బిడ్డలు చేయవలసినది ఏమిటి అన్నవి ఈ పాఠంలోని విషయాలు.

ఉపశమన చికిత్స అంటే ఏమిటి?

జబ్బును పూర్తిగా నయం చేయలేని దశలో కూడా జబ్బు వల్ల కలిగే బాధను తగ్గించవచ్చు. ఆ పనిని శాస్త్రీయంగా చేసే వైద్యవిభాగమే ఉపశమన చికిత్స. పాలియేటివ్ కేర్ అన్న పేరుతోనూ ఇది పరిచితం. నొప్పి, ఆయాసం, వాంతులు, మలబద్ధకం, నిద్రలేమి, పుండ్లు మొదలైనవాటికి చికిత్స చేయడం దీనిలో ఒక భాగం. రోగి భయాన్ని, కుటుంబం అలసటను, డబ్బు దిగులును పట్టించుకోవడం మరొక భాగం. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను స్థాపించిన డాక్టర్ సిసిలీ సాండర్స్ బాధను శరీరానికి మాత్రమే సంబంధించినదిగా చూడలేదు. శరీరం, మనసు, కుటుంబం, విశ్వాసం అన్నీ కలిసిన సంపూర్ణ బాధగా చూడాలని ఆమె బోధించారు. ఆధునిక ఉపశమన చికిత్సకు ఆ ఆలోచనే పునాది.

ఈ చికిత్స క్యాన్సరు రోగులకు మాత్రమే అన్నది ఒక అపోహ. మూత్రపిండాలు, గుండె, ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నవారికీ, పక్షవాతంతో మంచాన పడినవారికీ, డిమెన్షియా వల్ల మతిమరుపు ముదిరినవారికీ ఇది అవసరమే. వైద్యులు చేతులెత్తేసిన తరువాతనే దీనిని మొదలుపెట్టాలన్నది రెండవ అపోహ. జబ్బుకు చికిత్స జరుగుతున్నప్పుడే దీనినీ ప్రారంభించవచ్చు; ప్రారంభించడమే మేలు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా సుమారు 5 కోట్ల 68 లక్షల మందికి ఉపశమన చికిత్స అవసరం అవుతోంది. అది అందుతున్నది వారిలో సుమారు 14 శాతం మందికే. తమ ఆరోగ్య వ్యవస్థలలో దీనిని అంతర్భాగం చేయాలని 2014లో ప్రపంచ ఆరోగ్య సభ సభ్యదేశాలను కోరింది.

పల్లెలో లోటు ఎక్కడ ఉంది?

భారతదేశంలో తొలి హాస్పిస్ అయిన శాంతి అవేదనా సదన్ 1986లో ముంబైలో ప్రారంభమయింది. బెంగళూరులో కరుణాశ్రయ వంటి సంస్థలు ఆ తరువాత వెలిశాయి. బెంగళూరు కిద్వాయి, ముంబై టాటా మెమోరియల్, హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రులలోనూ, వేలూరు సి.ఎం.సి.లోనూ ఉపశమన చికిత్స లభిస్తుంది. ఇవన్నీ పట్టణాలలో ఉన్నవే. నడవలేని మనిషి అక్కడికి చేరాలంటే కారు కట్టించుకొని, వెనుక సీటులో పడుకోబెట్టి, గంటల తరబడి ప్రయాణం చేయాలి. వైద్యుని ఎదుట గడిపేది కొన్ని నిమిషాలే. తిరిగి వచ్చేసరికి నొప్పి రెట్టింపవుతుంది, అప్పు పెరుగుతుంది. రెండవసారి వెళ్లడానికి రోగి ఇష్టపడడు. మందు అయిపోయినా నోరెత్తడు.

ఈ లోటును తీర్చడానికి కేరళ ఒక మార్గం చూపింది. 1993లో కోళికోడ్ వైద్య కళాశాలలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్ ప్రభృతులు చిన్నగా ప్రారంభించిన చికిత్సాలయం క్రమంగా ఊరూరా విస్తరించింది. ఇరుగుపొరుగువారే స్వచ్ఛంద సేవకులై రోగుల ఇళ్లకు వెళ్లసాగారు. శిక్షణ పొందిన నర్సులు వారికి తోడయ్యారు. 2008లో కేరళ ప్రభుత్వం దేశంలోనే తొలిసారిగా ఉపశమన చికిత్సకు ప్రత్యేక విధానాన్ని ప్రకటించింది. మహారాష్ట్ర, కర్ణాటకలు తరువాత ఆ బాట పట్టాయి. తెలంగాణలో జిల్లా స్థాయిలో ఉపశమన చికిత్సా కేంద్రాలు ఏర్పడి, వాటి సిబ్బంది వాహనాలలో రోగుల ఇళ్లకు వెళ్లే పద్ధతి మొదలయింది.

కేరళ అనుభవం నేర్పే పాఠం స్పష్టమైనది. రోగి ఇంటికి వచ్చే మనిషి ఒకరు ఉన్నప్పుడే మిగిలిన ఏర్పాట్లు ఫలిస్తాయి. దూరవైద్యానికీ ఇదే సూత్రం వర్తిస్తుంది.

దూరవైద్యం పనిచేసే తీరు

కేంద్ర ప్రభుత్వపు ఈ-సంజీవని సేవ రెండు విధాలుగా నడుస్తుంది. మొదటి విధంలో ఊరి ఆరోగ్య కేంద్రంలోని సిబ్బంది రోగి తరఫున పెద్ద కేంద్రంలోని వైద్యునితో వీడియోలో మాట్లాడతారు. రెండవ విధంలో రోగి లేదా కుటుంబసభ్యులు ఇంటి నుంచే ఫోనులో నేరుగా వైద్యుని సంప్రదిస్తారు. ఊరి ఆరోగ్య కేంద్రాలకు ఇప్పుడు ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అన్న పేరు ఉంది; తెలంగాణలో పల్లె దవాఖానా అంటారు. వీటి ద్వారా అందవలసిన పన్నెండు రకాల సేవలలో వృద్ధుల సంరక్షణ, ఉపశమన చికిత్స కూడా ఉన్నాయి. ఈ విషయం చాలా కుటుంబాలకు తెలియదు; అడిగేవారు లేక ఆ సేవ కాగితం మీదనే మిగిలిపోతుంది.

ఇంకొక విధం వైద్యులకు సంబంధించినది. పెద్ద కేంద్రాలలోని నిపుణులు పల్లె వైద్యులకు, నర్సులకు వీడియో ద్వారా క్రమంగా పాఠాలు చెబుతూ, వారి రోగుల సమస్యలను కలిసి చర్చిస్తారు. తిరువనంతపురం కేంద్రంగా పనిచేసే పాలియం ఇండియా వంటి సంస్థలు ఈ పద్ధతిని అనుసరిస్తున్నాయి. దీనివల్ల నిపుణుడు పల్లెకు రాకపోయినా నైపుణ్యం వస్తుంది.

ఉదాహరణకు మడకశిర దగ్గరి ఒక పల్లెలో క్యాన్సరు ముదిరిన ఒక తండ్రిని, బెంగళూరులో పనిచేసే అతని కొడుకును ఊహించవచ్చు. తండ్రిని ఒకసారి బెంగళూరు ఆసుపత్రికి తెచ్చి ఉపశమన చికిత్సా విభాగంలో చూపించారు. వైద్యుడు పరీక్షించి మందులు రాశాడు, నర్సు పుండు కట్టే పద్ధతి కోడలికి నేర్పింది. తరువాత నుంచి వారానికొకసారి ఫోను సంప్రదింపు. ఆ రోజున ఆశా కార్యకర్తో ఏ.ఎన్.ఎమ్మో ఇంటికి వచ్చి రక్తపోటు, జ్వరం చూసి, పుండును పగటి వెలుతురులో చూపుతుంది. వైద్యుడు చూసి మోతాదు మారుస్తాడు. ఈ ఏర్పాటులో నలుగురు ఉన్నారు: మంచం మీది రోగి, పక్కనున్న మనిషి, దూరాన ఉన్న వైద్యుడు, నగరంలోని కొడుకు. వీరిలో పక్కనున్న మనిషి లేకపోతే మిగిలిన ముగ్గురి మధ్య ఉన్నది సంభాషణ మాత్రమే, చికిత్స కాదు.

చట్టం ఏమి అనుమతిస్తుంది?

2020 మార్చి 25న కేంద్ర ప్రభుత్వం దూరవైద్యానికి మార్గదర్శకాలను ప్రకటించింది. వలస కుటుంబాలకు వాటిలో ముఖ్యమైనవి ఇవి:

1. నమోదిత వైద్యుడు దేశంలోని ఏ ప్రాంతపు రోగికైనా దూరం నుంచి సలహా ఇవ్వవచ్చు. అందువల్ల బెంగళూరులోనో వేలూరులోనో చూసిన వైద్యుడు, రోగి ఆంధ్రప్రదేశ్‌లోని తన ఊరికి వెళ్లిన తరువాత కూడా చికిత్స కొనసాగించవచ్చు. రాష్ట్రపు ఎల్ల అడ్డు కాదు.

2. రోగి, వైద్యుడు ఒకరికొకరు ఎవరన్నది తెలియాలి. వైద్యుడు తన పేరు, అర్హత చెప్పాలి. రోగి పేరు, వయసు వంటి వివరాలు ఇవ్వాలి.

3. రోగి మాట్లాడలేని స్థితిలో ఉంటే సంరక్షకుడు అతని తరఫున మాట్లాడవచ్చు. రోగి తెలివితో ఉన్నప్పుడు మాత్రం అతని అనుమతి అవసరం.

4. ఫోను మీద తేల్చగలిగినదో, ఎదుట చూడవలసినదో నిర్ణయించే అధికారం వైద్యునిదే. ఎదుట చూడాలని వైద్యుడు చెబితే ఆ మాటను దాటవేయరాదు.

5. మత్తుమందుల చట్టం పరిధిలోకి వచ్చే మందులను దూరవైద్యంలో రాయరాదు.

ఈ చివరి అంశమే ఉపశమన చికిత్సలో చిక్కుముడి. క్యాన్సరు వల్ల వచ్చే తీవ్రమైన నొప్పికి ప్రధానమైన మందు మార్ఫిన్; అది ఆ చట్టం పరిధిలోనిదే. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వ అనుమతితో నల్లమందు పండిస్తున్న దేశంలో, ఆ నల్లమందు నుంచి తీసే మార్ఫిన్ రోగులకు దొరకడం దుర్లభమయింది. 1985 నాటి చట్టం విధించిన పలు లైసెన్సుల వలన ఆసుపత్రులు ఆ మందును ఉంచడమే మానుకున్నాయి. 2014లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన వైద్యసంస్థలు మార్ఫిన్ వంటి అత్యవసర మందులను సులభమైన ఒకే విధానంలో నిల్వ చేసి ఇచ్చే వీలు కల్పించింది. గుర్తింపు పొందిన సంస్థలు ఎక్కువగా పట్టణాలలోనే ఉండటం వల్ల ఆ వీలు పల్లెలకు పూర్తిగా చేరలేదు.

కాబట్టి దూరవైద్యంపై ఆధారపడదలచిన కుటుంబం మొదటి సందర్శనను ఎదుటనే జరిపించుకోవాలి. రోగి నడవగలిగిన రోజులలోనే, నొప్పి ముదరకముందే, మార్ఫిన్ ఇచ్చే గుర్తింపు ఉన్న కేంద్రంలో పేరు నమోదు చేయించాలి. తదుపరి విడత మందును రోగికి బదులు కుటుంబసభ్యుడు వచ్చి తీసుకోవచ్చునా, ఎన్ని రోజులకు ఇస్తారు, ఏ కాగితాలు తేవాలి అన్నవి ఆనాడే అడిగి రాసుకోవాలి. ఆ పని నగరంలోని బిడ్డ చేయగలిగినదే.

మార్ఫిన్ విషయంలో కుటుంబాలను వెనక్కు లాగే భయాలు రెండు. అలవాటు పడిపోతారేమో అన్నది ఒకటి. అది ఇస్తే త్వరగా పోతారేమో అన్నది రెండవది. వైద్యుని పర్యవేక్షణలో, నొప్పికి తగిన మోతాదులో వాడినప్పుడు వ్యసనంగా మారడం అరుదు. సరిగా వాడిన మందు మరణాన్ని దగ్గరకు తీసుకురాదు. నొప్పి వచ్చేదాకా ఆగకుండా, చెప్పిన వేళకు గడియారం ప్రకారం ఇవ్వాలి. మలబద్ధకం తప్పనిసరిగా వస్తుంది గనుక విరేచనం సాఫీగా అయ్యే మందును మొదటి రోజు నుంచే తోడు ఇస్తారు. పిలిచినా పలకనంత మగత, శ్వాస బాగా మందగించడం కనిపిస్తే తరువాతి మోతాదు ఇవ్వక వెంటనే వైద్యునికి తెలపాలి.

నొప్పికి తెలుగు మాటలు

ఎదుట ఉన్న వైద్యుడు చేతితో తడిమి తెలుసుకునే సంగతులను ఫోనులోని వైద్యుడు మాటల ద్వారానే గ్రహించాలి. అందుచేత దూరవైద్యంలో రోగి వాడే మాటే పరీక్ష అవుతుంది. నొప్పికి తెలుగులో ఉన్న మాటలు ఎన్నో. సలుపు, పోటు, మంట, తిమ్మిరి, చిమచిమ, లాగుడు, గుంజుడు, మెలిపెట్టడం, జివ్వుమనడం, ఇవన్నీ ఒకటి కావు. మంట, తిమ్మిరి, జివ్వుమని కరెంటు కొట్టినట్లు ఉండటం నరాలకు సంబంధించిన నొప్పిని సూచించవచ్చు; దానికి వాడే మందులు వేరు. లోపల తొలిచినట్లు, కదిలితే ఎక్కువయ్యే సలుపు ఎముకలది కావచ్చు. విడతలు విడతలుగా మెలిపెట్టే నొప్పి పేగులది కావచ్చు. మధ్యలో ఉన్నవారు వీటన్నిటినీ కన్నడంలోకో, మరాఠీలోకో, ఇంగ్లీషులోకో మార్చి ఒక్క మాటలో నొప్పి అని చెప్పేస్తే వైద్యునికి చేరవలసిన సమాచారం సగం దారిలోనే పోతుంది. వీలైనంతవరకు తెలుగు తెలిసిన వైద్యునినో నర్సునో కోరాలి. అది కుదరనప్పుడు రోగి అన్న మాటను ఉన్నదున్నట్లు చెప్పి, ఆ తరువాతనే వివరించాలి.

నొప్పి ఎంత ఉన్నదో సున్నా నుంచి పది వరకు ఒక అంకెతో చెప్పమని వైద్యులు అడుగుతారు. ఆ లెక్క పల్లెలోని పెద్దలకు కొత్త. రూపాయిలో ఎన్ని అణాలు తగ్గిందని అడిగితే మాత్రం పావలా వంతు తగ్గిందనో, ఇంకా ముప్పాతిక ఉందనో తడుముకోకుండా చెప్పేవారు ఉన్నారు. ఏ లెక్క వాడినా ప్రతి వారం అదే లెక్క వాడితే చాలు, మార్పు తెలుస్తుంది.

మాటకు ఇంకొక అడ్డంకి ప్రేమే. ఫోనులో కొడుకు ఉన్నాడని తెలిసిన తండ్రి బాగానే ఉన్నానంటాడు. కొడుకు పని మానుకొని వస్తాడేమో, అప్పు చేస్తాడేమో అని అతని దిగులు. తండ్రికి జబ్బు సంగతి చెప్పవద్దని కొడుకు వైద్యుని కోరుతాడు. ఇరువురూ ఒకరినొకరు కాపాడుకుంటూ ఉంటే నొప్పి సంగతి ఎవరూ మాట్లాడరు. అందువల్ల ప్రతి సంప్రదింపులో కొంతసేపు కుటుంబం పక్కకు తప్పుకొని, రోగిని వైద్యునితోనో నర్సుతోనో ఒంటరిగా మాట్లాడనివ్వాలి. ఎంత తెలుసుకోవాలన్నది రోగి కోరికను బట్టి ఉండాలి.

నగరంలోని బిడ్డ చేయగలిగినవి

ఒక నోటుపుస్తకం రోగి మంచం దగ్గర ఉంచాలి. మందు పేరు, ఇచ్చిన వేళ, నొప్పి లెక్క, నిద్ర, విరేచనం, తిన్నది అందులో రాయించాలి. సంప్రదింపుకు ముందు ఆ పుటల ఫొటో వైద్యునికి పంపితే పావుగంట మాటలు మిగులుతాయి.

పాత రిపోర్టులు, చీటీలు ఒకేచోట ఫొటోలు తీసి ఉంచాలి. పుండు ఫొటో తీసేటప్పుడు రోగి అనుమతి తీసుకోవాలి, ముఖం కనిపించరాదు, బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టరాదు.

ఇంట్లో ఒక్కటే ఫోను ఉండి, అది పొలానికి వెళ్లినవారి జేబులో ఉంటే దూరవైద్యం సాగదు. మంచం దగ్గర ఉండే ఫోను ఒకటి, సిగ్నలు అందే చోటు ఒకటి ముందే చూసుకోవాలి. వీడియో తెగిపోతే మామూలు కాల్‌తో కొనసాగించడానికి వైద్యుని సిబ్బందితో మాట్లాడుకోవాలి.

ఆశా, ఏ.ఎన్.ఎం.ల పేర్లు, నంబర్లు తెలుసుకొని వారితో మర్యాదగా పరిచయం పెంచుకోవాలి. రాత్రివేళ ఎవరికి ఫోను చేయాలి, అంబులెన్సు అవసరమైతే ఏ ఆసుపత్రికి అన్నది కాగితంపై రాసి గోడకు అంటించాలి.

సేవ చేస్తున్న మనిషిని మరువరాదు. సాధారణంగా అది ఇంటి ఆడమనిషి. ఆమె నిద్రపోయిందా, తిన్నదా అన్న ప్రశ్న రోగి క్షేమం అడిగినంత సహజంగా అడగాలి. వారానికి ఒక పూటైనా ఆమెకు బదులు వేరొకరు కూర్చునే ఏర్పాటు డబ్బు పంపడంకన్నా మిన్న. మనసు కుంగినప్పుడు టెలి-మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. 2022లో ప్రారంభమైన ఈ సేవ భారతీయ భాషలలో అందుతోంది.

ఫోను చేయలేనివి

మంచంలోని మనిషిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పడం, పెదవులు తడపడం, ఆయాసం వచ్చినప్పుడు తలగడలు పెట్టి కూర్చోబెట్టి ముఖానికి గాలి తగలనివ్వడం ఫోను చేయలేదు. ఎలా చేయాలో చూపగలదు. హఠాత్తుగా కాళ్లు చచ్చుబడటం, రక్తం ఆగకపోవడం, మూర్ఛ, తీవ్రమైన గందరగోళం వంటివి వచ్చినప్పుడు ఫోను సంప్రదింపు కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి చేర్చాలి. ఆసుపత్రికి వెళ్లకూడదని రోగి ముందే నిర్ణయించుకొని ఉంటే ఆ మాట వైద్యునికి, ఇంటివారికి తెలిసి ఉండాలి.

చివరి రోజులలో ఆకలి తగ్గడం జబ్బులో భాగం. ముద్ద పెట్టకపోతే ఆకలితో పంపామన్న నింద వస్తుందని బలవంతంగా తినిపిస్తే అది గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉంది. ఈ సంగతి దూరం నుంచి వైద్యుడు ఇంటిల్లిపాదికీ ఒకసారి విడమరచి చెబితే, బంధువుల మాటలకు ఇంటి ఆడవారు తల వంచవలసిన అవసరం తప్పుతుంది. చివరి చూపు కోసం బయలుదేరవలసిన వేళ ఏదో కూడా వైద్యుని సూటిగా అడగవచ్చు. పర్వాలేదన్న మాటను నమ్మి ఆలస్యం చేసి, బస్సులో ఉండగానే కబురు అందుకున్న బిడ్డలు ప్రతి వలస పేటలోనూ ఉన్నారు. దూరవైద్యం సక్రమంగా సాగిన ఇంట ఆ కబురు కొంత ముందే అందుతుంది.

మననానికి ప్రశ్నలు

1. ఉపశమన చికిత్స ఏయే జబ్బులకు అవసరం? దానిని ఎప్పుడు మొదలుపెట్టాలి?
2. మార్ఫిన్ అవసరం కాగల రోగిని మొదటిసారి ఎదుటనే ఎందుకు చూపించాలి?
3. ఊరిలోని పెద్దలు నొప్పికి వాడే మాటలు ఏవి? వాటి మధ్య తేడా ఏమిటి?
4. ఊరి ఆరోగ్య కేంద్రంలో ఉపశమన చికిత్స అందుతోందా? ఈ వారంలో ఫోను చేసి కనుక్కోండి.
5. ఇంట్లో సేవ చేస్తున్నవారికి విశ్రాంతి దొరికే మార్గం ఏది?